హీరోగారి కారు అని నాన్న చేతిరాతతో రాయమంటున్నాడు మా తమ్ముడు

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నల్లకుంట నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను.

ఆవిడకి 48 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. నాన్నగారు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, కిందటేడాది పోయారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన ఫియట్ 1100 డిలైట్ ఉంది, 1970 మోడల్. 1984లో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నారు. ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్సు రెండూ 2021లో అయిపోయాయి, అప్పటికే ఆయనకి ఒంట్లో బాగుండక ఎవరూ పట్టించుకోలేదు. ఆర్‌సీ కూడా అసలుది కాదు, 1996లో తీసుకున్న డూప్లికేట్, అందులో నాన్నగారి పేరు తప్ప ముందు యజమానుల పేర్లు లేవు. ఒక ట్రంకుపెట్టె నిండా కాగితాలున్నాయి. రాణిగంజ్ షాపుల కార్బన్ బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, అడుగున డాక్టరుగారు అప్పట్లో ఇచ్చిన కట్ట ఒకటి (పెళుసెక్కి ఊడిపోతోందని ఎవరూ విప్పలేదట), వీటన్నిటి పైన 11 నోట్‌బుక్కులు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, రీడింగు, లీటర్లు రాసుకునేవారు, పక్కన చోటుంటే ఇంటి సంగతులు కూడా. ఒకటి ఆవిడ ఉత్తరంలో ఉన్నదున్నట్టు దింపారు: "రీడింగు 61204. 20 లీటర్లు. చిన్నదానికి జ్వరం 103, ఫీవర్ హాస్పిటల్‌కి రెండుసార్లు. వాన. వైపర్ పనిచేయలేదు." ఆ చిన్నది ఈవిడే.

ఇప్పుడు తమ్ముడు కారు అమ్మేద్దామంటున్నాడు. కోయంబత్తూరులో పాత కార్లు సేకరించే ఒకాయన నాలుగు లక్షలు ఇస్తానన్నాడు. ఇంట్లో చిన్నప్పటినుంచీ ఒక మాట ఉంది, ఈ కారు మొదట ఒక పెద్ద తెలుగు హీరోదని. అది కాగితం మీద ఉంటే ఎనిమిది దాకా ఇస్తాడట. మధ్యలో ఉన్న ఏజెంటు ఉపాయం చెప్పాడు, 1984 నోట్‌బుక్ మొదటి పేజీలో కింద సగం ఖాళీ, అక్కడ ఒక్క లైను ఉంటే చాలని. తమ్ముడు ఫోన్ చేసి "నీ చేతిరాత అచ్చం నాన్నదే కదక్కా" అన్నాడు. దీనికి తోడు మెకానిక్ వచ్చి చూస్తే బండిలో ఉన్న ఇంజను నంబరూ ఆర్‌సీలో నంబరూ ఒకటి కాలేదు. ఆర్‌సీలో ఉన్న నంబరే ఇంజను మీద కొట్టించేద్దాం, అరగంట పని అన్నాడు ఏజెంటు. అమ్మగారేమో అసలు అమ్మొద్దు, పండక్కీ పబ్బానికీ గుడికి అందులోనే వెళ్దాం అంటున్నారు. తమ్ముడికి అపార్ట్‌మెంటు ఈఎంఐ టెన్షన్, ఈవిడ సరే అనకపోయేసరికి మాటలు తగ్గించాడు. ఆ లైను రాయకపోతే తమ్ముడికి నష్టం చేసినట్టా, నోట్‌బుక్కులు కారుతోపాటు ఇచ్చేయాలా, అసలు ఈ కారు చరిత్ర అని దేన్ని చెప్పుకోవాలి, ఇవీ ఆవిడ అడిగినవి.

ముందు చేతిరాత సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే మిగతా అన్నిటికీ రెండు మూడు దారులున్నాయి, దీనికి లేవు. రాయకండి. ఇది ఫోర్జరీ, కొత్త భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్. అబద్ధం చెప్పి అమ్మితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నాయనకి 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇస్తుంది. అంటే ఎనిమిది లక్షలు తిరిగి కట్టాల్సి వచ్చినా రావచ్చు, ఈలోగా మీ తమ్ముడు వాటిని ఫ్లాటు లోనుకి కట్టేసి ఉంటాడు. కేసుదాకా పోదు, ఎవరు చూస్తారు అంటారా, రెట్టింపు ధర పెట్టేవాడు ఆ పేజీనే చూస్తాడు. 40 ఏళ్ల కిందటి ఇంకు పక్కన నిన్నటి ఇంకు, కాగితం పాతబడ్డాక రాస్తే అంచుల్లో ఇంకు పాకే తీరు, ఇవి కనిపెట్టడానికి ల్యాబే అక్కర్లేదు, పాత కాగితాలు రోజూ చూసేవాళ్ల కంటికి ఇట్టే తెలుస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మీ నాన్నగారి నోట్‌బుక్కులకి విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో కొంటారని, ఎవరో చదువుతారని కాకుండా తనకోసం తను రాసుకున్నారు, వైపర్ పనిచేయకపోతే పనిచేయలేదనే రాశారు. అందులో ఒక్క దొంగ లైను పడి, అది బయటపడిందంటే మిగతా వేల లైన్లనీ ఎవరూ నమ్మరు. ఇంజను ఎప్పుడు మార్చారో, దాని సిలిండర్లకి బోరు ఎప్పుడు చేయించారో, బండి ఎంత తిరిగిందో చెప్పే సాక్ష్యం మొత్తం పోతుంది. అంటే లేని నాలుగు లక్షల కోసం ఉన్న నాలుగు లక్షలకి కూడా ఎసరు పెట్టుకున్నట్టు.

కాబట్టి తమ్ముడికి నష్టం చేసినట్టా అన్నదానికి నా జవాబు, లేదు, వాడికి రాబోయే నష్టాన్ని ఆపినట్టు. కానీ ఈ మాట వాడితో ఇలాగే అనకండి, ఎలా అనాలో చివర్లో చెప్తాను.

హీరో కథ దగ్గరికి వద్దాం. కథ అబద్ధమని నేను అనడం లేదు. మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు గబగబా రాసేసి ముందుకెళ్లిపోయారు, నాకు మాత్రం అది చాలా ముఖ్యంగా కనిపించింది. అమ్మగారిని అడిగితే "డాక్టరుగారికి ఆయనతో స్నేహం, ఒకసారి ఈ కారులోనే స్టేషనుకి దింపారట" అన్నారని రాశారు. తమ్ముడు చెప్పేటప్పటికి అది "కారు ఆయనదే" అయింది. పాత కార్ల కథలన్నీ ఇలాగే పెరుగుతాయి. రోల్స్ రాయిస్ షోరూములో అవమానం జరిగితే కోపమొచ్చి కార్లు కొని చెత్త ఎత్తించాడని ఒక రాజుగారి కథ మీరూ వినే ఉంటారు. అది మన నిజాం పేరు మీదా చెప్తారు, అల్వర్ మహారాజు పేరు మీదా చెప్తారు, ఇంకో ఇద్దరు ముగ్గురు రాజుల పేర్ల మీదా చెప్తారు. ఒకే సంఘటన ఇంతమందికి జరగదు కదా. నిజాంగారి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇవాళ్టికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, కావాలంటే వెళ్లి చూడొచ్చు, దానికి చెత్త కథ అక్కర్లేదు.

మీ కారు విషయంలో కథని పరీక్షించడానికి ఒక తేలికైన దారి ఉంది. 1970 నాటికి తెలుగు సినిమా ఎక్కువగా మద్రాసులోనే ఉండేది. హీరోగారు కొన్న కారైతే అక్కడే రిజిస్టరు అయి ఉండే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత ఇక్కడికి వచ్చి ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకుని ఉండాలి. అలా రాష్ట్రం మారితే పాత నంబరు ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది. మీ కారుకి మొదటినుంచీ ఇక్కడి నంబరే ఉందని తేలితే కథ కొంచెం బలహీనపడుతుంది, అంతేగానీ కొట్టుకుపోదు, ఇక్కడ ఇల్లున్న హీరోలూ ఉన్నారు. మద్రాసు నంబరు కనిపిస్తే మాత్రం వెతకడం మానకండి.

ఎక్కడ వెతకాలి అంటే, మొదట మీ ట్రంకుపెట్టె అడుగున. డాక్టరుగారి కట్ట విప్పకుండా ఇంత గొడవ పడుతున్నారా మీ ఇంట్లో! అందులో 1973కి ముందు ఇన్సూరెన్సు కాగితం ఒక్కటున్నా మొదటి యజమాని పేరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మూడూ దొరుకుతాయి. 1973 జనవరిలో జనరల్ ఇన్సూరెన్సు జాతీయమయ్యింది కాబట్టి అంతకుముందు కాగితాల మీద ప్రైవేటు కంపెనీల పేర్లుంటాయి, కాగితం ఏ కాలానిదో దాన్నిబట్టే తెలుస్తుంది. బుకింగ్ రసీదు దొరికినా దొరకొచ్చు. ఆ రోజుల్లో ఫియట్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, అంత కష్టపడి తెచ్చుకున్న రసీదుని మనుషులు పారేసేవారు కాదు.

కట్ట విప్పేటప్పుడు తొందరపడకండి. అతుక్కుపోయిన కాగితాలు గోరుతో లాగకండి, అవి అలాగే ఉండనిచ్చి పైకి కనిపించేది ఫోటో తీయండి. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. మన వాళ్లకి లామినేషన్ అంటే భద్రం అని ఒక భ్రమ, పాత కాగితాన్ని వేడి ప్లాస్టిక్‌లో పెట్టి నొక్కితే మళ్లీ బయటికి తీయడం కుదరదు, అసలుదో జిరాక్సో కూడా పోల్చుకోలేం. కాగితానికీ కాగితానికీ మధ్య తెల్లకాగితం పెట్టి అట్టఫైలులో ఉంచండి. ఆ ట్రంకుపెట్టె షెడ్డులోంచి ఇంట్లోకి తెచ్చేయండి, వానాకాలం చెమ్మకీ పురుగులకీ రేకుల షెడ్డు కంటే మంచి చోటు ఉండదు. మామూలు కాగితాలు 300 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత), ఫోటోలు 600లో స్కాన్ చేసి, ఫైలు పేరు తేదీతో మొదలుపెడితే (1984-06-11 ఇలా) వాటంతట అవే వరసలో పడతాయి. ఫోటోల వెనక రాయాలంటే పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్ను అచ్చు ముందుకి దిగిపోతుంది. మీ పెళ్లి ఆల్బమూ చూడండి, కారు ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలో నంబరు ప్లేటు కనిపిస్తే అదీ సాక్ష్యమే.

రెండో చోటు ఆర్టీఏ ఆఫీసు. బండి మొదటినుంచీ ఎవరి పేరున ఉందో చెప్పే రిజిస్టరు వివరాల సర్టిఫైడ్ కాపీ ఇమ్మని వారసులుగా అడగండి, కౌంటర్లో పని కాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పాత రిజిస్టర్లు ఎంతవరకు ఉన్నాయన్నది అదృష్టం. "రికార్డు లభ్యం కాలేదు" అని రాసిచ్చినా ఆ ఉత్తరం ఫైల్లో పెట్టుకోండి, మీరు వెతికారనడానికి అదీ రుజువే.

మూడో చోటు అమ్మగారు. ఫోన్లో వీడియో పెట్టి ఆవిడ చేత మాట్లాడించండి. ఇక్కడ ఒక జాగ్రత్త. "కారు హీరోదే కదమ్మా" అని అడిగితే ఆవిడ ఊఁ అంటారు, పెద్దవాళ్లు పిల్లల మాట కాదనరు. "కారు మొదటిసారి ఇంటికొచ్చిన రోజు ఏం జరిగిందమ్మా, డాక్టరుగారి ఇల్లు ఎక్కడ ఉండేది, నాన్న ఎవరితో వెళ్లారు" అని అడగండి, మధ్యలో అందించకండి. డాక్టరుగారి పిల్లలు ఎవరైనా దొరికితే వాళ్లనీ అలాగే అడగండి. వాళ్ల ఆల్బంలో ఈ కారు పక్కన ఆ హీరోగారు నిలబడి ఉన్న ఫోటో ఒక్కటి దొరికిందంటే, కారు ఆయనది కాకపోయినా ధర పెరుగుతుంది, నిజంగా పెరుగుతుంది, ఎవరూ ఏమీ అల్లాల్సిన పని ఉండదు.

ఇవన్నీ పోగయ్యాక ఒక తెల్లకాగితం మీద కారు కథ మొదటినుంచీ రాయండి, ప్రతి వాక్యం పక్కనా అది ఎలా తెలిసిందో కూడా రాయండి. 1984లో డాక్టరుగారి దగ్గర కొన్నాం, నోట్‌బుక్ 1, మొదటి పేజీ. ఫలానా హీరోగారు ఒకసారి ఇందులో ప్రయాణించారని మా అమ్మ విన్నారు, వీడియో ఫలానా తేదీ, వేరే ఆధారం దొరకలేదు. 1970 నుంచి 1984 దాకా వివరాలు మాకు తెలియవు. తెలియని చోట తెలియదని రాయడానికి మొహమాటపడకండి. పాత కార్లు కొనేవాళ్లు ఖాళీలు చూసి భయపడరు, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా అతుకు కనిపించని కథ చూస్తేనే వాళ్లకి అనుమానం.

ఇంజను సంగతి. ఇది మీరు భయపడినంత పెద్దది కాదు. ఏజెంటు చెప్పిన పని చేస్తేనే పెద్దదవుతుంది. అలా నంబరు కొట్టించిన బండి దొంగబండి లెక్కలోకి పోతుంది. రేపు బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కోసం ఇన్‌స్పెక్టరు చూస్తాడు, కోయంబత్తూరులో ఇంకొకరు చూస్తారు, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. 50 ఏళ్లు దాటిన ఫియట్‌లో మొదటి ఇంజనే ఉండటం గొప్ప, మారి ఉండటం మామూలు. మీరు ఉత్తరం చివర్న, అదేదో పెద్ద విషయం కాదన్నట్టు, 1993లో ఒక ఎంట్రీ ఉందని రాశారు: "బ్లాకు పగిలింది. రాణిగంజ్‌లో వేరే ఇంజను. పాతది వాళ్లకే ఇచ్చాను." మీ జవాబు అక్కడే ఉంది కదా! ఆ నెల బిల్లు కార్బన్ కాపీల్లో ఉందేమో చూడండి. అందులో ఇంజను నంబరు రాసి ఉంటే ఇప్పుడు బండిలో ఉన్న నంబరుతో పోల్చండి, కలిస్తే ఇంజను ఎప్పుడు ఎక్కడ ఎందుకు మారిందో తారీఖుతో సహా చెప్పగలిగిన అతికొద్ది ఫియట్లలో మీదొకటి అవుతుంది. చట్టం మాటకొస్తే ఇంజను మారిస్తే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. నాన్నగారు తెలపలేదు. ఇప్పుడు ఆ నోట్‌బుక్ పేజీ, బిల్లు పెట్టి ఆర్‌సీలో ఎక్కించమని మీరే అడగండి. కొంత తిప్పుతారు, అఫిడవిట్ అడగొచ్చు, జరిమానా పడొచ్చు. దొంగ నంబరు కంటే ఇవన్నీ చవక.

పాత వాహనాల సంఘాలన్నిటికీ పెద్దలాంటి ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది, 1966 నుంచి పనిచేస్తోంది. పాత బండ్లని ఎలా కాపాడుకోవాలో చెప్పే దాని టూరిన్ చార్టర్ కూడా దాదాపు ఇదే అంటుంది, వాడకంలో బండికి వచ్చిన మార్పులూ దాని చరిత్రలో భాగమేననీ, చేసిన పనల్లా రాసి పెట్టాలనీ. మీ నాన్నగారు దాన్ని చదివి ఉండరు, కానీ చేసింది అదే.

బండి కూడా ఒక కాగితం లాంటిదే, దాన్నీ చదివి ఫైల్లో చేర్చండి. బానెట్ ఎత్తి ప్లేటు మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను బ్లాకు మీద నంబరు శుభ్రంగా తుడిచి పెన్సిల్ ప్రింట్ తీయించండి, ఆర్టీఏలో తీసినట్టే, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఇసుక కాగితంతో మాత్రం రుద్దనివ్వకండి. డోర్ ప్యాడ్ వెనకా డిక్కీ మ్యాటు కిందా మొదటి రంగు ఏదో తెలుస్తుంది, అక్కడ ఫోటో తీయండి. కొనేవాడికి బాగా కనిపించాలని ఏజెంటు టింకరింగ్, పెయింటింగ్ మొదలుపెట్టిస్తానంటే ఒప్పుకోకండి, ఆ రంగు కిందే సగం సాక్ష్యం ఉంటుంది. మీటరు రీడింగు చూసి "తక్కువ తిరిగింది" అని ప్రకటన వేయొద్దని కూడా చెప్పండి. పాత మీటర్లకి ఐదంకెలే, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఎన్నిసార్లు తిరిగిందో, ఏ ఏడాది కేబులు తెగి మీటరు ఆగిపోయిందో నోట్‌బుక్కుల్లో లెక్కలు కట్టగలరు, మీరు బ్యాంకు మనిషే కదా.

ఇప్పుడు అమ్మాలా ఉంచాలా. దానికి ముందు ఒక మాట, ఇవాళ ఈ కారుని అమ్మే హక్కు ఒక్క తమ్ముడికే లేదు. విల్లు లేకపోతే అమ్మగారు, మీరు, తమ్ముడు ముగ్గురూ వారసులే. చట్టప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, మూడు నెలల్లో పేరు మార్చమని ఫారం 31 ఇవ్వాలి, ఆ గడువులు దాటిపోయాయి కాబట్టి ఫైను కడతారు, అంతే. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా ఇద్దరి అఫిడవిట్లు పెట్టి ముందు ఒకరి పేరు మీదికి మార్చండి. నన్నడిగితే అమ్మగారి పేరు మీదికి. అప్పుడు అమ్మాలా వద్దా అన్నది మీకూ తమ్ముడికీ మధ్య పంచాయితీగా ఉండదు, ఆవిడ నిర్ణయం అవుతుంది. కాకపోతే ఆవిడ ఎప్పటికీ అమ్మనంటే తమ్ముడి కోపం అలాగే ఉంటుంది, ఆ సంగతి ముందే తెలిసి చేయండి.

ఉంచుకుంటే రెండు దారులు. మామూలుగా ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లు వస్తుంది, 20 ఏళ్లు దాటిన కార్లకి ఫీజు 2025లో 10 వేలు చేశారు, ఆలస్యానికి నెలల లెక్కన అదనం, బండిని ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి, అంటే ముందు నడిచేలా చేయించాలి. రెండోది 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్. 50 ఏళ్లు దాటినవాటికి ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది, పాత నంబరు ఉంచుకోవచ్చు, పేరు కూడా గొప్పగా ఉంటుంది. అయితే ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్లు లాంటి పనులకే ఆ బండి రోడ్డెక్కాలి, రోజువారీ తిరుగుడు కుదరదు. అమ్మగారిని గుడికి తీసుకెళ్లడం ఆ లిస్టులో లేదు. పైగా ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలంటుంది ఆ నిబంధన, మీ 1993 ఇంజనుని, ఈ బండ్లని పరిశీలించే కమిటీ ఎలా చూస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఆవిడకి కావాల్సింది పండక్కి ఒక రౌండు కాబట్టి మామూలు రెన్యువలే మీకు నప్పుతుందని నాకనిపిస్తోంది. ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది మాత్రం ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి, తమ్ముడి మీద వేయకండి.

అమ్మితే, ఉన్న కథతో, ఉన్న కాగితాలతో అమ్మండి. వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28 పెట్టి ఎన్‌ఓసీ తీసుకోవాలి, పేరు మారాకే అది. ఎనిమిది రాదు, నాలుగు దగ్గరే ఆగొచ్చు, మంచి ఫైలు చూస్తే ఆయనే ఇంకొంచెం పైకి రావొచ్చు. ఇంకో ఇద్దరికి చూపించండి, ఏజెంటు తెచ్చిన ఒక్కడే ప్రపంచంలో కొనేవాడు కాదు.

నోట్‌బుక్కుల గురించి మీరు ఎక్కువ బాధపడ్డారు, ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. కారు కాగితాలు అంటే ఆర్‌సీ, బిల్లులు, ఇన్సూరెన్సు, ఇవి కారుతో పోవాలి, వీటి మీద మీరు పట్టుపట్టడం న్యాయం కాదు. నోట్‌బుక్కులు అలా కాదు, సగం కారువి, సగం మీ ఇంటివి. అన్నీ ఇచ్చేస్తే కారుకి మంచిది, రేపు దాని చరిత్ర చూసేవాడికి అసలు పుస్తకాలు దొరుకుతాయి, మీ జ్వరాలూ అమ్మానాన్నల గొడవలూ కోయంబత్తూరులో ఎవరి బీరువాలోనో ఉంటాయి, ఆయన వాటిని ఎవరికి చూపిస్తాడో మీ చేతిలో ఉండదు. అన్నీ ఉంచేసుకుని స్కాన్లు ఇస్తే మీ మనసుకి మంచిది, కొనేవాడు ధర కొంచెం కోయొచ్చు. స్కాన్లలో ఇంటి సంగతుల మీద కాగితం ముక్క పెట్టి కప్పొచ్చు, కప్పినట్టు కనిపించేలా కప్పండి. అసలు పుస్తకాలు మా దగ్గరున్నాయి, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు అని అమ్మకం కాగితంలోనే ఒక వాక్యం రాయించండి. నా మొగ్గు ఇటువైపే. మధ్యేమార్గంగా 1984, 1993 పుస్తకాలు రెండూ ఇచ్చి మిగతావి ఉంచుకోవడం కూడా కుదురుతుంది, ఆ రెంటిలో ఇంటి సంగతులు ఎంత ఉన్నాయో చదివి చూసుకోండి. పేజీలు చింపి ఇవ్వడం మాత్రం దేనికీ పనికిరాదు, కారుకీ మీకూ ఇద్దరికీ నష్టం.

తమ్ముడితో ఎలా మాట్లాడాలి. "నువ్వు ఫోర్జరీ చేయమంటున్నావు" అని మొదలుపెడితే వాడు ఫోన్ పెట్టేస్తాడు. వాడికి కావాల్సింది దొంగ లైను కాదు, డబ్బు, అదీ త్వరగా. "ఆ లైను నేను రాయనురా, రాస్తే డబ్బు వెనక్కి కట్టాల్సింది నువ్వే. ధర పెరగాలంటే ఏం కావాలో తెలుసుకున్నాను, ఈ ఆదివారం రా" అనండి. వచ్చాక డాక్టరుగారి కట్ట ఇద్దరూ కలిసి విప్పండి. అమ్మ వీడియో వాడి చేతే తీయించండి, రికార్డుల దరఖాస్తు వాడి పేరునే పెట్టించండి. హీరో కథ మీద ఆశ పెట్టుకున్నవాడు వాడే, దాని నిజం వెతికే పనీ వాడిదే అయితే, దొరికినా దొరక్కపోయినా అక్క అడ్డుపడింది అన్న మాట రాదు. ఈఎంఐ నిజంగా అంత ఇబ్బందిగా ఉంటే, కారు సంగతి పక్కన పెట్టి, ఎంత కావాలో నేరుగా అడగండి. కారు అమ్మకం తెగేలోపు వాడికి చేబదులు ఇవ్వగలరేమో మీకే తెలియాలి, ఇవ్వగలిగితే నాకు తెలిసి సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇంకొక్కటి. ఏజెంటు అడ్వాన్సు తీసుకోమని తొందరపెడతాడు. పేరు మారకముందు, ఇంజను విషయం కొనేవాడికి రాతపూర్వకంగా చెప్పకముందు ఒక్క రూపాయి తీసుకోకండి, తమ్ముణ్ణీ తీసుకోనివ్వకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే, ఉత్తరంలో ఆ ముక్క లేదు గానీ వాడి తొందర చూస్తే నాకు అనుమానంగానే ఉంది, ముందు అది ఎంతో కనుక్కుని కొనేవాడితో మీరే ఒకసారి ఫోన్లో మాట్లాడండి.